చవక వడలు, ఖాళీ గాదె

మెట్ట అడవిలో వాగు పక్కన ఓ నక్క పెద్దంగడి పెట్టింది. ఆ నక్క పేరు పైడిరాజు. నక్క అంగడి పెట్టి అందరికంటే చవగ్గా అమ్ముతోందంటే నాకైతే మొదటి రోజే అనుమానం వచ్చింది. కానీ నా అనుమానం ఎవడిక్కావాలి? అడవి అడవంతా సంచులు పట్టుకుని పరుగెత్తింది.

పరుగెత్తక ఏం చేస్తుంది! ముందు వైపు దుంపలు, వేరుశనక్కాయలు, తేనె, ఈతచాపలు, ఏం కావాలంటే అవి. వెనక వైపు వరసగా పొయ్యిలు. పొయ్యిల మీద చోడివడలు. చోళ్ళంటే రాగులే లెండి, ఆ పిండితో వేసిన వడలు. నువ్వు నోరు తెరిచి అడిగేలోపు ఆకులో పెట్టి చేతికిచ్చేస్తారు. నిలబడి తిని మూతి తుడుచుకుని పోవడమే. ఇంటి దగ్గర పొయ్యి రాజేసుకునే ఖర్చు కంటే ఆ వడలే చవక.

ఆ దెబ్బకి కుందేలు దుంపల కొట్టు మూతపడింది. ఉడుత పప్పుల కొట్టూ మూతపడింది. ఇద్దరూ పోయి పైడిరాజు దగ్గరే పనికి కుదిరారు. తలకి మోదుగాకు టోపీ పెట్టుకుని, వచ్చినవాళ్ళకల్లా పళ్ళికిలించి "రండి రండి, ఏం కావాలి?" అనాలి. బరువులు మోయడానికి ఓ గాడిదని పెట్టుకున్నాడు. పేరు చూస్తే సింహాద్రి, పుట్టుక చూస్తే గాడిద. పాపం, కష్టజీవి. కొండ కింది నుంచి పిండి బస్తాలన్నీ వాడి వీపు మీదే రావాలి.

"మా దగ్గర కూలివాళ్ళు లేరండీ, మాదంతా ఒకటే కుటుంబం," అనేవాడు పైడిరాజు, మీసం దువ్వుకుంటూ.

పనిలో పెట్టుకున్నవాడు కుటుంబం అన్నాడంటే ముందు మన కంచం చూసుకోవాలి. ఈ ముక్క సింహాద్రికి చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఆ అడవిలో కూలి విషయంలో తాతల నాటి నుంచి ఒకటే మాట. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా ఎవరు పనిచేసినా సరే, పెట్టుకున్నవాడు కడుపు నిండా పెట్టాలి, మర్నాటి పొద్దుటికి ఇంత మూట కట్టి పంపాలి. అంతే. దాని మీద బేరం లేదు.

పైడిరాజు ఆ మాట తప్పాడా? అబ్బే! నక్క మాట తప్పదు, మాటలో సందు వెతుక్కుంటుంది. కొండ మీద ఇంకా బారెడు పొద్దుండగానే పొద్దుటి వాళ్ళని పిలిచేవాడు.

"ఇవాళ్టికి చాలు నాయనా, ఇంటికెళ్ళి నడుం వాల్చండి."

"పొద్దు గుంకేదాకా ఉంటాం బాబూ," అనేవాడు సింహాద్రి.

"వద్దు వద్దు, మీ ఒళ్ళు నాకు ముఖ్యం. పొద్దు గుంకలేదు గనక నిండు కూలి రాదనుకో. ఇదిగో, ఇది పట్టుకెళ్ళు."

ఇది అంటే పొట్టు కలిసిన దోసెడు పిండి. మధ్యాహ్నం వచ్చినవాళ్ళు సాయంత్రం దాకా ఉంటారు, కానీ వాళ్ళు పొద్దు పొడిచినప్పుడు రాలేదు కదా! వాళ్ళకీ దోసెడే. నిండు పని చేసినవాడు ఒక్కడూ లేడు, అంగడి మాత్రం పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా నడుస్తూనే ఉంది. చూశారా తెలివి!

ఇప్పుడు గాదె సంగతి చెప్పాలి. అడవి మధ్యన అందరిదీ కలిపి ఓ పెద్ద వెదురు గాదె ఉండేది. పంటలప్పుడు ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు ఓ గంప చోళ్ళు, ఓ గంప జొన్నలు అందులో పోస్తారు. వానాకాలం వాగు పొంగి ఎటూ కదల్లేని రోజుల్లో అదే అందరి ప్రాణం. మిగతా రోజుల్లో కూడా, పొద్దు గుంకాక కడుపు ఖాళీగా ఉన్నవాడు ఎవడైనా వచ్చి ఓ దోసెడు తీసుకోవచ్చు. ఆ సమయంలో కాపలా ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చోవాలి. ఎవరొచ్చారో చూడకూడదు, అడగకూడదు, చూసినా చెప్పకూడదు. ఆకలితో వచ్చినవాడు సిగ్గుతో చావకూడదని పెద్దలు పెట్టిన ఆచారం అది. ఎంత మంచి ఆచారం!

కాపలా ఎవరంటే నూకాలు. నూకాలు ఒక పందికొక్కు. నవ్వకండి. కన్నాలు వేసే జాతికే కన్నం ఎక్కడ పడుతుందో తెలుస్తుందని, అడవికి పెద్దైన ఎలుగు తాత ఏరి కోరి ఆవిణ్ణి పెట్టాడు. గాదె కిందే ఆవిడ బొరియ, ఆవిడ పిల్లలూ అక్కడే. ఏళ్ళ తరబడి గింజ పోయిందన్న మాట లేదు.

అలాంటిది ఆ ఏడు, ఇంకా చినుకు పడకముందే, ఎలుగు తాత గాదెలో కర్ర పెట్టి చూశాడు. కర్ర దిగుతూనే ఉంది. గాదె అడుగంటిపోయింది.

ఇంకేముంది, గోల. అందరూ వాగు ఒడ్డున నల్లబండ దగ్గర పోగయ్యారు. కోడి రవణమ్మకి అయితే పూనకమే.

"పందికొక్కుని గాదెకి కాపలా పెట్టినప్పుడే అనుకున్నాను! దొంగ చేతికి తాళాలిచ్చి లోపల ఏమైందంటే ఏం లాభం?"

"నువ్వెప్పుడు అనుకున్నావమ్మా? పోయినేడు నన్ను తెగ పొగిడావు," అంది నూకాలు.

"అది పోయినేడు!"

"నూకాలూ, నువ్వు తిన్నావా?" అని ఎలుగు తాత సూటిగా అడిగాడు.

"ఒక్క గింజ తినలేదు తాతా."

"మరి ఎవరు తిన్నారు?"

నూకాలు తలొంచుకుంది. "పొద్దు గుంకాక వచ్చేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఎవరంటే నేను చెప్పకూడదు. ఆచారం నీకు తెలుసు కదేటి."

"ఆచారం!" అంటూ లేచాడు పైడిరాజు. "బాగుందమ్మా. తిన్నది నువ్వు, అడిగితే అడ్డం పెట్టేది ఆచారం. నా అంగడి వచ్చాక అడవిలో పస్తున్నవాడు ఎవడైనా ఉన్నాడా? ఇంత చవగ్గా తిండి దొరుకుతుంటే గాదెకి పోయే ఖర్మ ఎవరికి పట్టింది? నిప్పు లేనిదే పొగ రాదు తాతా. నా మనవి ఒక్కటే. దీన్ని పిల్లల్తో సహా వెళ్ళగొట్టండి. గాదెని నా అంగట్లోకి మార్చండి. కాపలా నేనే కాస్తాను. కూలి కూడా అడగను, పుణ్యానికి చేస్తాను."

పుణ్యానికి చేసే నక్కని మీరెప్పుడైనా చూశారా? నేను చూడలేదు. కానీ అక్కడున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో మోదుగాకు టోపీల చప్పట్లు కూడా ఉన్నాయి. సింహాద్రి ఒక్కడే చెవులు వాల్చుకుని నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

ఎలుగు తాత గొంతు సవరించుకున్నాడు. "ఏరువాక పున్నమి దాకా గడువు. అప్పటికి నూకాలు దొంగ ఎవరో తేల్చలేకపోతే అడవి దాటి పోవాల్సిందే. గాదె పైడిరాజు చేతికిస్తాం."

వానలు ముంచుకొస్తున్నాయి. పసిపిల్లలతో, గూడు లేకుండా, అడవి అవతల ఎక్కడికి పోతుంది ఆ తల్లి?

ఆ సాయంత్రం నూకాలు ఎప్పట్లాగే గాదెకి వీపు పెట్టి కూర్చుంది. పొద్దు గుంకింది. అడుగుల చప్పుడు మొదలైంది. ఒకటి పోతే ఒకటి. కళ్ళు తిప్పుకోమంది గానీ ముక్కు మూసుకోమని ఆచారంలో ఎక్కడా లేదు. గాలి వీచినప్పుడల్లా కాగిన నూనె వాసన. వచ్చిన ప్రతివాడి దగ్గరా అదే నూనె, అదే మాడిన వడల వాసన. నూకాలుకి కొన్నాళ్ళుగా అనుమానమే. ఆ రోజు గట్టిపడింది.

అన్నిటికంటే చివర బరువైన అడుగులు వచ్చి ఆగాయి.

"అక్కా, ఇటు తిరక్కు."

"తిరగను తమ్ముడూ."

"నిన్ను నిజంగా వెళ్ళగొడతారా?"

"వెళ్ళగొడతారు."

"నాను చెప్పేస్తే..."

"చెప్తే రేపట్నించి నీకు అంగట్లో పని ఉంటదేటి?"

"ఉండదు. ఇంకెక్కడా లేదు కూడా. కొట్లన్నీ మూతపడ్డాయి కదా."

"మీ పనోళ్ళలో ఎంతమంది వస్తున్నారు తమ్ముడూ ఇక్కడికి?"

"అందరం అక్కా," అన్నాడు ఆ గొంతు గలవాడు. "పొద్దంతా వడలు మోసేది మేమే. ఆ వడల వాసనకే కడుపు మండిపోతది. ఒక్కటి నోట్లో వేసుకుంటే మర్నాడు రావద్దంటాడు."

"తీసుకో నాయనా, తీసుకుని పో," అంది నూకాలు. వెనక్కి తిరగకుండానే కళ్ళు తుడుచుకుంది.

సరే, ఇప్పుడు నూకాలు ఏం చెయ్యాలి? నోరు విప్పితే ఆచారం పోతుంది, పాపం ఆ గాడిద బతుకూ పోతుంది. విప్పకపోతే తన పిల్లలు వానపాలు. మీరైతే ఏం చేసేవారో గానీ, పందికొక్కు మాత్రం తెల్లారేసరికి ఓ ఉపాయం తవ్వి తీసింది. నేరుగా ఎలుగు తాత దగ్గరికి పోయింది. అక్కడ పైడిరాజు కూడా ఉన్నాడు, తాతకి వేడి వడలు పట్టుకొచ్చాడు. ఊరికే. చూడండి మరి!

"తాతా, నేను దొంగనని అందరూ అంటున్నారు కదా. అయితే గాదె మూసెయ్యి," అంది నూకాలు.

"మూసెయ్యడమేంటి?"

"తలుపుకి పెద్ద బండ అడ్డం పెట్టు. నేనూ తియ్యలేను, ఇంకెవరూ తియ్యలేరు. పైడిరాజు బాబు చెప్పినట్టు అడవిలో పస్తున్నవాడే లేకపోతే, మూసినా ఎవరికీ నొప్పి తెలియదు. నేనూ నా పిల్లలే మాడతాం. అప్పుడు దొంగ ఎవరో తేలిపోతుంది."

ఎలుగు తాత ఆలోచనలో పడ్డాడు. "మరి రోజూ గాదె మీదే బతికే ముసలి మేక? కళ్ళు కనపడవు దానికి."

"దానికి నా బొరియలో దాచుకున్నది పెడతాను. అది నా పూచీ."

పైడిరాజు మీసం కింద నవ్వుకున్నాడు. రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాడు. గాదె ఎలాగూ తన చేతికి రాబోతోంది, అప్పటిదాకా ఓ గింజ కూడా తరగకపోతే ఇంకా మంచిది కదా! అక్కడే వాడి బుర్ర తప్పుదారి పట్టింది. తన పనివాళ్ళు ఏం తిని బతుకుతున్నారో వాడికి తెలియక కాదు. పస్తున్నా పని మానరులే, ఎక్కడికి పోతారులే అనుకున్నాడు. పెట్టనివాడికి ఆకలి ఎంత బలమైందో తెలియదు.

"మూసెయ్యాల్సిందే తాతా," అన్నాడు గట్టిగా. "పున్నమి నాడు నా అంగట్లో పెద్ద పండగ. ఒక వడ కొంటే ఇంకో వడ ఉచితం. ఆ పండగ అయ్యేదాకా ఎవరడిగినా బండ కదపకు. నేనడిగినా కదపకు!"

"నూకాలూ, విన్నావుగా," అన్నాడు తాత. లేచి వెళ్ళి నల్లటి బండ ఒకటి దొర్లించి గాదె తలుపుకి అడ్డం పెట్టాడు.

మొదటి సాయంత్రం నూకాలుకి మనసు పీకేసింది. అడుగులు వచ్చాయి, బండ దగ్గర ఆగాయి, వెనక్కి పోయాయి. ఒక్క తిట్టు లేదు. తిట్టినా బాగుండేది. తన పిల్లల్ని దగ్గరికి లాక్కుని, వాళ్ళ కోసం ఇంతమందిని పస్తు పెడుతున్నానా అని ఏడ్చింది. అయినా బండ జోలికి పోలేదు.

పున్నమి వచ్చింది. అంగడి ముందు తీర్థంలా జనం! ఉచితం అన్న మాట వింటే కాళ్ళు లేనివాడు కూడా లేచి వస్తాడు. కోడి రవణమ్మ అయితే పొద్దున్నుంచి ఏమీ తినకుండా, చుట్టాలందరినీ వెంటేసుకుని మరీ వచ్చింది.

లోపల మాత్రం పరిస్థితి వేరుగా ఉంది. దుంపల దగ్గర కుందేలు టోపీ జారిపోయి, దుంపల మీదే తల వాల్చేసింది. పొయ్యి దగ్గర ఉడుతకి జల్లిగరిటె ఎత్తే ఓపిక లేదు. మూకుట్లో వడలు నల్లగా బొగ్గులవుతున్నాయి.

"వడలేవీ?" అని అరిచారు జనం.

"వస్తున్నాయి, వస్తున్నాయి! లేవండర్రా! నవ్వండి! పండగ పూట ఆ మొహాలేమిటి?" పైడిరాజు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు గంతులేస్తున్నాడు. "పిండేదీ? సింహాద్రి ఎక్కడ చచ్చాడు?"

సింహాద్రి అంగడికి ఎదురుగానే, కొండవాలు మీద ఉన్నాడు. వీపు మీద రెండు బస్తాలు. నాలుగు అడుగులు వేశాడు. ముందుకాళ్ళు మడత పడ్డాయి. జనం చూస్తుండగానే బస్తాలతో సహా పక్కకి ఒరిగిపోయాడు. బస్తా చిరిగి పిండి వాలంతా పారింది.

"లే! లేరా!" అంటూ పైడిరాజు తోక పట్టి లాగాడు. గాడిద కదల్లేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది.

వడల కోసం వచ్చిన జనం ఇక వెనక్కి తిరిగిపోతున్నారు. పైడిరాజుకి ఒళ్ళు తెలియలేదు. వేసిన వడలు, కాచిన నూనె, పండగంతా మట్టి పాలు. ఎలుగు తాత దగ్గరికి గాలిలా పరుగెత్తాడు. ఎలుగు తాత గాదె దగ్గరే ఉన్నాడు, నూకాలూ ఉంది, వెనకే సగం అడవి కూడా వచ్చి చేరింది.

"తాతా, బండ తియ్యి! తొందరగా తియ్యి!"

"నువ్వడిగినా కదపొద్దన్నావు కదరా."

"అన్నాను, ఇప్పుడు నేనే తియ్యమంటున్నాను! మావాళ్ళు లేవలేకపోతున్నారు!"

"మీవాళ్ళు లేవకపోతే నీ అంగట్లో పెట్టు. వడలు బోలెడు. మా గాదెతో మీవాళ్ళకేం పని?"

"అదేంటి తాతా, రోజూ సాయంత్రం వాళ్ళు తినేది ఇక్కడే కదా! ఈ దోసెడు పడకపోతే వాళ్ళు పనికెలా..."

అంతే. నోరు మూసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది.

ఎలుగు తాత నెమ్మదిగా లేచాడు. "అంటే వాళ్ళు గాదెకి వస్తున్నారని నీకు ముందే తెలుసన్నమాట. తెలిసే ఆ తల్లిని దొంగన్నావు."

ఈలోగా కుందేలూ ఉడుతా సింహాద్రిని లేపి, ఈడ్చుకుంటూ తీసుకొచ్చారు. సింహాద్రి నిలబడలేక కూలబడ్డాడు. కానీ మాట్లాడాడు. అందరి ముందూ మాట్లాడాడు.

"తీసింది మేమే తాతా. నూకాలక్క ఒక్క గింజ ముట్టలేదు. పొద్దంతా పనిచేసి, మళ్ళీ పొద్దు గుంకాక దొంగల్లాగా ఇక్కడికి వచ్చి దోసిలి పట్టడం... చచ్చిపోవాలనిపించేది."

కుందేలు టోపీ తీసి కింద పారేసింది. ఉడుతా పారేసింది.

పైడిరాజు అంత తొందరగా లొంగే రకమా! "అయితే ఏంటి? నేనెవరినైనా తాడేసి కట్టానా? ఇష్టమై వచ్చారు. తిన్నది మీ ఆచారం ప్రకారమే, నా తప్పేముంది? కడుపు నిండా పెడితే వడ ధర పెంచాలి. అప్పుడు మీరే ఏడుస్తారు. అడగండి, ఈ జనాన్నే అడగండి!"

నిజం చెప్పాలంటే నక్క ఒక్కడిదే తప్పు కాదు. చవకగా వచ్చిన వడ తింటూ, ఇది ఇంత చవక ఎందుకని ఒక్కడైనా అడిగాడా? కోడి రవణమ్మ మొహం అటు తిప్పుకుంది.

"ధర తక్కువని మేం మురిసిపోయాం," అన్నాడు ఎలుగు తాత. "మిగతా ధర మా గాదెలోంచి కట్టామని ఇవాళ తెలిసింది. మేం పోసిన గింజలతో నీ పనివాళ్ళు బతికితే, లాభం నీకు, పేరు నీకు. సొమ్మొకడిది, సోకొకడిది!"

తీర్పు పెద్ద పొడుగు లేదు. గాదె ఎంత తరిగిందో అంతా పైడిరాజు నింపాలి. ఇక మీదట పొద్దు పొడిచాక వచ్చినా, గుంకకముందు పంపినా, పనికి పిలిచిన ప్రతివాడికీ కడుపు నిండా పెట్టాలి. నూకాలు జోలికి ఎవడైనా వస్తే వాడు అడవి దాటిపోవాలి.

"అలాగే, అలాగే," అన్నాడు పైడిరాజు. "సింహాద్రీ, బస్తాలు ఎత్తు."

"సింహాద్రి ఇవాళ తింటాడు," అన్నాడు తాత. "నువ్వు ఎత్తు."

ఆ రోజు అడవంతా నిలబడి చూసింది. నక్క వీపు మీద బస్తా, నాలిక మూరెడు బయటికి, తోక మట్టిలో ఈడ్చుకుంటూ కొండవాలు మీద. నూకాలు గాదె తలుపు దగ్గర కూర్చుని ప్రతి బస్తాలోనూ చెయ్యి పెట్టి చూసింది, పొట్టు కలిసిందేమోనని. ఒకటి వెనక్కి పంపింది కూడా.

మర్నాటి నుంచి వడ ధర కాస్త పెరిగింది. కోడి రవణమ్మ "అయ్యయ్యో, ఇంత ధరా?" అని అడవంతా తిరిగి గొణిగింది. గొణగనీ! ఆ ధరలో గాడిద తిండి కూడా ఉంది మరి. గింజలు అందరి గాదెలోంచి పోతున్నప్పుడు గొణగలేదు కదా, తెలియక.

పైడిరాజు మారాడంటారా? ఏమో, నాకైతే నమ్మకం లేదు. వాగు అవతల ఇంకో అంగడి తెరుస్తున్నాడని, ఇంకా చవగ్గా ఇస్తాడని కాకులు చాటుతున్నాయి. మీరు అటువైపు వాళ్ళయితే, వడ కొనబోయే ముందు మీ గాదెలో ఒకసారి కర్ర పెట్టి చూసుకోండి.

పని చేయించుకున్నవాడు కడుపు నింపకపోతే, ఆ కడుపు మీ గాదెలోంచే నిండుతుంది.